ఆవిరిబండి ఎవరికోసం ఆగింది? – మాదాపూర్ పక్కనుంచి పోయిన రైలుదారి చరిత్ర

మన సాహిత్యంలో రైలు చాలాకాలంగా నడుస్తోంది. కవితలో అది తరచు రానున్న మార్పుకు గుర్తు. కథలో అది ఎడబాటుకో, వలసకో, పల్లెను వదిలిన మనిషి బెదురుకో సాధనం. ఈ వాడుకలో తప్పేమీ లేదు. కాని ఒక వస్తువు పదే పదే ప్రతీకగా మారినప్పుడు దాని అసలు చరిత్ర మరుగున పడే ప్రమాదం వుంది. పట్టాలు ఎవరి డబ్బుతో పడ్డాయి, ఎవరి అవసరానికి పడ్డాయి, బండి ఏ వూళ్ళో ఆగింది, ఏ వూరిని దాటిపోయింది అనే ప్రశ్నలు వెనక్కి పోతాయి. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను ఒకే ఒక దారికి వేసి చూసే ప్రయత్నం. అది హైదరాబాదు పడమటి పొలిమేరలో, మాదాపూర్‌కు ఉత్తరంగా సాగే వాడి–సికింద్రాబాదు రైలుదారి.

1

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ప్రపంచంలోని అనేక నగరాలు తమ పొలిమేరలను ఆవిరి ట్రాములతో కలుపుకున్నాయి. హైదరాబాదు ఎందుకు కలుపుకోలేదు?

ఆవిరి ట్రాము అంటే వీధిలోనే పరచిన పట్టాల మీద, ఒకటి రెండు పెట్టెలను లాగే చిన్న ఆవిరి ఇంజను. జనం మధ్యా గుర్రపు బళ్ళ మధ్యా పోవాలి కనుక చక్రాలూ కడ్డీలూ కనబడకుండా చుట్టూ రేకు కప్పేవారు. పొగ తగ్గడానికి నేలబొగ్గుకు బదులు కోకు వాడేవారు. అది నాలుగడుగులకు ఒకచోట ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. కలకత్తాలో 1873లో గుర్రపు ట్రామును నడిపి చూశారు. 1882లో ఆవిరి ఇంజన్లను ప్రయోగించారు. 1902లో విద్యుత్తుకు మారారు. మద్రాసు ఆవిరి దశలోకి పోకుండానే 1895లో విద్యుత్ ట్రామును తెచ్చుకుంది. ఆ ట్రాము 1953 దాకా నడిచింది.

ఈ రెండూ రేవు పట్టణాలు. గోదాములకూ కార్ఖానాలకూ కచేరీలకూ పొద్దున్నే వేలమంది చేరాలి, సాయంత్రం వెనక్కి పోవాలి. కూలికీ జీతానికీ పనిచేసే జనం ఒకచోట వుండి మరొకచోట పనిచేయడం మొదలైనప్పుడే ట్రాముకు గిట్టుబాటు వుంటుంది. ట్రాము యంత్రవిద్య ఒక్కదాని బిడ్డ కాదు, జీతపు బతుకు బిడ్డ కూడా.

1870ల హైదరాబాదు అలాంటి నగరం కాదు. అది దర్బారు చుట్టూ, జాగీర్దారుల దేవిడీల చుట్టూ అల్లుకున్న నగరం. పనివాడు యజమాని గడప దగ్గరే బతికేవాడు. దేవిడీకి ఆదాయం పల్లెనుంచి వచ్చేది కాని పల్లెజనం రోజూ నగరానికి రానక్కరలేదు; శిస్తు వస్తే చాలు. అందుచేత పొలిమేరను నగరంతో కలిపే ట్రాము అవసరం ఇక్కడి పాలకవర్గానికి తోచలేదు. ఆ పొలిమేర మీదుగా ఆవిరిబండి మాత్రం వచ్చింది. అది వేరే అవసరంతో వచ్చింది.

2

1871లో బొంబాయి, మద్రాసు రైలుదారులు రాయచూరు వద్ద కలిశాయి. ఆ ప్రధానమార్గం నిజాం రాజ్యపు నైరుతి మూలను తాకుతూ పోయిందే తప్ప రాజధానిని తాకలేదు. దాని మీది వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు ఒక శాఖ వేయాలన్నది బ్రిటిష్ ప్రభుత్వ పట్టుదల. 1870లో ఒడంబడిక కుదిరింది. 1874 అక్టోబరులో దారి తెరుచుకుంది. పొడవు సుమారు 190 కిలోమీటర్లు, పెద్దగేజి. ఖర్చు నిజాం ప్రభుత్వానిది.

బండి చివరికి చేరింది నిజాం రాజధానికి కాదు, సికింద్రాబాదుకు. అది బ్రిటిష్ సైన్యపు దండు వున్న చోటు. 1857 తరువాత సైన్యాన్ని ఎంత వేగంగా ఎక్కడికి తరలించగలం అనేదే వలస ప్రభుత్వానికి రైల్వేల విషయంలో ముఖ్యమైన కొలత. దండు నుంచి బొంబాయి రేవుకు దారి పడింది. హైదరాబాదు నగరానికి నాంపల్లిలో సొంత స్టేషను రావడానికి 1907 దాకా, అంటే మరో 33 ఏళ్ళు పట్టింది.

దివాను మొదటి సాలార్‌జంగ్ ముందు పెద్ద చిక్కు వుంది. రాజ్యపు అప్పులు తీర్చి ఖజానాను ఒక దారికి తేవడానికి ఆయన అప్పటికే ఏళ్ళ తరబడి శ్రమించాడు. రైలుదారి ఖర్చు మళ్ళీ అదే ఖజానా మీద పడింది. నిజాం ఖజానా అంటే అధికభాగం భూమిశిస్తు. కాబట్టి ఈ పట్టాలకు పెట్టుబడి పెట్టినవాడు చివరికి తెలంగాణా, మరాట్వాడా, కన్నడ జిల్లాల రైతే. అతడు ఆ బండి ఎక్కాడా లేదా అన్నది వేరే సంగతి.

దారి వాడి నుంచి తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా రాళ్ళగుట్టల మధ్యనుంచి బేగంపేట వైపు దిగుతుంది. మాదాపూర్ ఆ పట్టాలకు దక్షిణాన, దుర్గం చెరువు పక్కన, గుట్టల నడుమ వున్న చిన్న పల్లె. చెరువు గోల్కొండ కోటకు నీళ్ళిచ్చింది. రైలు వచ్చేనాటికి కోట వైభవం ముగిసి రెండు శతాబ్దాలు కావస్తోంది. బండి కూత పల్లెకు వినిపించేది. ఆ పల్లె పేరుతో స్టేషను మాత్రం లేదు.

3

స్టేషను ఎందుకు లేదు అనే ప్రశ్నకు యంత్రంలో కొంత జవాబు వుంది. సాహిత్య విద్యార్థులు దీన్ని తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే యంత్రం గురించి రాసేటప్పుడు మనం చాలాసార్లు పొగనూ కూతనూ మాత్రమే చూస్తాం.

ఆవిరి ఇంజనులో నిప్పు నీటిని మరిగిస్తుంది; ఒత్తిడితో వున్న ఆవిరి ముషలకాన్ని నెడుతుంది; ముషలకం చక్రాన్ని తిప్పుతుంది. కదులుతున్న బండిని కదిలిస్తూ వుండటం తేలిక. ఆగిన బండిని మళ్ళీ కదిలించడమే కష్టం. ప్రతి ఆగుడూ అప్పటిదాకా కూడిన వేగాన్ని బ్రేకుల్లో వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. మళ్ళీ అదే వేగం రావడానికి ఫైర్‌మన్ కొత్తగా బొగ్గు ఎత్తిపోయాలి. నీళ్ళు మళ్ళీ కావాలి. అందుకే దూరప్రయాణపు ఆవిరిబండి స్టేషన్లు వూళ్ళను బట్టి కాక నీళ్ళ తొట్లను, ఎదురుబండ్లు తప్పుకునే లూపులను, సరుకు దొరికే చోట్లను బట్టి పుట్టేవి.

ట్రాము ఇంజను దీనికి తలకిందులు. అది తేలిక, లాగే బరువు తక్కువ, ఆగడానికే పుట్టింది. బరువుబండి ఆగిన ప్రతిచోటా యజమానికి ఖర్చు. ట్రాము ఆగిన ప్రతిచోటా టిక్కెట్టు. కనుక ఆగడమనేది కేవలం యాంత్రిక విషయం కాదు. ఆగినందుకు పడే బొగ్గు ఖర్చును మించిన ఆదాయం ఆ వూరు ఇవ్వగలదా అన్నదే లెక్క. మాదాపూర్ వంటి పల్లె ఆ లెక్కలో తేలలేదు.

సరుకుకు మాత్రం బండి ఆగింది. తాండూరు, షాబాద్ ప్రాంతపు బండరాయి ఈ వైపుకు వచ్చింది. హైదరాబాదు ఇళ్ళల్లో మనం నడిచే షాబాద్ బండల వెనుక రాయి కొట్టే వడ్డెర చేతులతోపాటు ఈ పట్టాలు కూడా వున్నాయి. రాయికి దొరికిన ఆగుడు రాయి కొట్టిన మనిషికి దొరకడం చాలా ఆలస్యమైంది.

4

ఈ దారి చరిత్రలో అన్నిటికంటే పాఠం నేర్పే ఘట్టం 1883. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ మరణించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. ఆ సంధిలో, వున్న దారిని లండన్‌లో ఏర్పడే కంపెనీకి అప్పగించి, దానిని తూర్పు వైపు బొగ్గు ప్రాంతాలకూ కోస్తాకూ పొడిగించే ఒప్పందం ముందుకొచ్చింది. కంపెనీ పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ ‘గ్యారంటీడ్’ అనే మాటలోనే గుట్టు వుంది.

గ్యారంటీ అంటే కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి 20 ఏళ్ళపాటు నిజాం ఖజానా హామీ. ఒక చిన్న లెక్క వేద్దాం. వాటాదారు 100 రూపాయలు పెట్టాడనుకోండి. బండి నడిచి 3 రూపాయలు మిగిలితే, తక్కువైన 2 రూపాయలు ఖజానా కట్టాలి. ఏమీ మిగలకపోతే మొత్తం 5 రూపాయలూ ఖజానా కట్టాలి. లాభం వస్తే వాటాదారుది, నష్టం వస్తే రైతుది. ఏ సాహసమూ చేయకుండానే సాహసానికి రావలసిన ఫలం పొందే పద్ధతి ఇది. బ్రిటిష్ ఇండియాలో అంతకుముందే నడిచిన ఈ పద్ధతి సంస్థానంలోకి ఈ దారి మీదుగా వచ్చింది.

హైదరాబాదులో దీన్ని ప్రశ్నించినవాళ్ళున్నారు. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఆ ఘటనలో అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి విద్యావంతులు ఒప్పందపు షరతులను ప్రజలముందు పెట్టాలని కోరారు. వాళ్ళు రైలును వద్దనలేదు. షరతులు చెప్పమన్నారు. జవాబుగా 1883 మే నెలలో అఘోరనాథ్‌ను నగరంనుంచి బహిష్కరించారు. ఆయన సరోజినీ నాయుడి తండ్రి అని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రైలు లెక్క అడిగినందుకు వెళ్ళగొట్టబడినవాడని సాధారణంగా చెప్పవు. హైదరాబాదులో ఆధునిక రాజకీయ చైతన్యపు తొలి ఘట్టాలలో ఒకటి ఒక రైలు ఒప్పందం మీద జరగడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ మార్క్స్ రచనలను గుర్తుచేసుకోవాలి. 1853లో న్యూయార్క్ పత్రికకు రాసిన వ్యాసంలో ఆయన రైల్వేలు భారతదేశంలో ఆధునిక పరిశ్రమకు నాంది అవుతాయని అంచనా వేశాడు. ఆ వ్యాసాన్ని మన విమర్శకులు చాలాసార్లు వుటంకించారు. కాని 1881లో డేనియల్సన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన, భారతీయులకు అక్కరకు రాని రైల్వేల డివిడెండ్లను ఇంగ్లండుకు తరలిపోయే సంపద లెక్కలో చేర్చాడు. మొదటిదాన్ని మాత్రమే చదివినవాడు రైలును ప్రగతి అనుకుంటాడు. రెండోదాన్ని మాత్రమే చదివినవాడు రైలును దోపిడీ అనుకుంటాడు. రెండేళ్ళ తరువాత హైదరాబాదులో కుదిరిన గ్యారంటీ ఒప్పందం ఈ రెండు మాటలూ ఒకే పట్టా మీద ఎలా నడుస్తాయో చూపిస్తుంది.

ఎందుకంటే ఆ కంపెనీ దారిని పొడిగించింది కూడా. 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు పట్టాలు చేరాయి. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాలనూ కోస్తా తెలుగు జిల్లాలనూ మొదటిసారిగా ఇనుపదారి కలిపింది. ఇల్లెందు వద్ద సింగరేణి బొగ్గు తవ్వకం ఆ దారితో జతగా పెరిగింది. లింగంపల్లి గుట్టలెక్కే ఇంజను పొయ్యిలోని నిప్పు నేల అడుగున పనిచేసే తెలుగు కార్మికుడి చెమటతో ముడిపడింది.

గ్యారంటీ డబ్బుకే పరిమితం కాలేదు. పట్టాల కింది భూమి మీది న్యాయాధికారం కూడా బ్రిటిష్ వారికి దఖలైంది. ఈ దారిలోనే, లింగంపల్లికి అవతల శంకర్‌పల్లి స్టేషనులో నిజాం ప్రజ ఒకరిని సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద పట్టుకున్నారు. నేరారోపణకు రైల్వేతో సంబంధం లేదు. 1897లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ అరెస్టు చెల్లదంది. రైల్వే భూమి మీది అధికారం రైల్వే నిర్వహణకు సంబంధించినంతవరకే అని తేల్చింది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి ఏ రాజ్యంలో వున్నాడో తేల్చడానికి సముద్రాలు దాటి పోవలసి వచ్చిందన్నమాట.

5

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీనుంచి కొనుక్కున్నది. రైతుడబ్బుతో వేసిన దారిని కంపెనీకి ఇచ్చి, దాని రాబడికి పూచీపడి, చివరికి మళ్ళీ ప్రజాధనంతో కొన్నారు. 1932లో అదే రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. తరువాతి కాలపు ఆర్టీసీకి అదే మూలం. ట్రాము రావలసిన ఖాళీలోకి బస్సు వచ్చి కూర్చుంది. ఇక ట్రాము మాట లేదు.

ఈ దశలో పట్టాల పక్కన కొత్త జనం చేరారు. సనత్‌నగర్ పేరును మనవాళ్ళు సనాతనంతో ముడిపెడుతుంటారు. అది ఉర్దూ ‘సన్‌అత్’, అంటే పరిశ్రమ. 1942లో పుట్టిన ఆల్విన్ కార్ఖానా అక్కడే పెరిగింది. 1960లలో లింగంపల్లికి అవతల రామచంద్రపురంలో బిహెచ్ఇఎల్ వచ్చింది. 1974లో, దారి పడిన నూరేళ్ళకు, ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం తరువాత గచ్చిబౌలి వైపు వచ్చింది. శిఫ్టు సైరన్‌ను బట్టి రోజును కొలిచే మనుషులు మొట్టమొదటిసారి ఈ పొలిమేరలో గుంపుగా కనబడ్డారు. ట్రాముకు ఒకనాడు లేని ప్రాతిపదిక ఇప్పుడు ఏర్పడింది.

ఈ మనుషులను కూడగట్టినవారిలో మన ఉద్యమపు కవి వున్నాడు. మఖ్దూం మొహియుద్దీన్ కళాశాల ఉద్యోగం వదిలి, పూర్తికాలపు కార్యకర్త అయి, రైల్వే కార్మికుల మధ్యా కార్ఖానా కార్మికుల మధ్యా సంఘాలు కట్టాడు. 1945 అక్టోబరులో హైదరాబాదులో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. బొంబాయినుంచి రైలులో వచ్చిన కృష్ణ చందర్ ఆ ప్రయాణాన్నీ సభలనూ ‘పౌదే’ పేరుతో రిపోర్టాజ్‌గా రాశాడు. బొంబాయినుంచి హైదరాబాదుకు పెద్దగేజి దారి వాడి మీదుగా వచ్చే ఈ దారే. దండును మోయడానికి వేసిన పట్టా అభ్యుదయ రచయితలను మోయడం చరిత్రలోని చక్కని వైరుధ్యం. పాలకుడు ఒక అవసరానికి వేసిన దారిమీద ప్రజలు మరో అవసరానికి నడవగలరు. 1853 నాటి మార్క్స్ మాటలో నిజం ఇక్కడ వుంది.

నూరేళ్ళు నిండిన ఆ 1974లోనే, మే 8న అఖిలభారత రైల్వే సమ్మె మొదలైంది. దాదాపు మూడు వారాలు దేశమంతటా కార్మికులు బండిని ఆపారు. అప్పటిదాకా బండి ఎక్కడ ఆగాలో యాజమాన్యమే నిర్ణయించింది. ఆ మూడు వారాలు ఆ నిర్ణయం ఇంజను దగ్గర నిలబడ్డవాడి చేతికి వచ్చింది. సమ్మెను అణచివేశారు. కాని ఆగడమనేది ఒక అధికారం అని అది తేటతెల్లం చేసింది.

6

ఆవిరి ఇంజను పోయి డీజిలు వచ్చింది. డీజిలు పోయి విద్యుత్తు వచ్చింది. విద్యుత్ బండికి నీళ్ళ తొట్టి అక్కరలేదు. ఆగిన వెంటనే వేగం అందుకుంటుంది. అంటే ట్రాములా పల్లెపల్లెకూ ఆగగల యంత్రం చేతికి వచ్చింది. అది మాదాపూర్ వైపు ఎప్పుడు ఆగింది?

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ పేరుతో స్థానిక విద్యుత్ బండ్లు ఈ దారిన సికింద్రాబాదు, హైదరాబాదులనుంచి లింగంపల్లికి మొదలయ్యాయి. వాటితో ఇక్కడ వెలసిన స్టేషను పేరు మాదాపూర్ కాదు, హైటెక్ సిటీ. 1874నుంచి 129 ఏళ్ళు కూత మాత్రమే విన్న పల్లెకు స్టేషను వచ్చేసరికి పల్లె పేరు పోయింది. 2019లో అమీర్‌పేట నుంచి మెట్రో రైలు వచ్చినప్పుడు మాదాపూర్ అనే పేరు ఒక స్టేషను బోర్డు మీదికి ఎక్కింది. అప్పటికి ఆ పేరు పొలాల వూరిది కాదు, అద్దాల మేడల వాడది.

మెట్రోను ప్రైవేటు కంపెనీ కట్టి నడిపింది. టిక్కెట్లతోపాటు వాణిజ్య స్థలాలనుంచి కూడా ఆదాయం రావాలన్నది ఒప్పందపు పునాది. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ వాటానూ సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పునూ తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. 1883, 1930 సంవత్సరాలను గుర్తుంచుకున్న పాఠకుడికి ఈ వార్త పూర్తిగా కొత్తగా తోచదు. రెండు ఒప్పందాలూ ఒకటే అనడం తొందరపాటు. వలస కంపెనీ గ్యారంటీ వేరు, నేటి భాగస్వామ్యం వేరు. అయినా అఘోరనాథ్ అడిగిన ప్రశ్నకు కాలం చెల్లలేదు: షరతులేమిటి, నష్టం ఎవరి నెత్తిన?

నేడు హైటెక్ సిటీ స్టేషనులో దిగేవారందరూ కంప్యూటరు ముందు కూర్చునేవారు కారు. ఆ మేడల్ని వూడ్చేవారు, కాపలా కాసేవారు, వంటచేసేవారు, పాలమూరునుంచి వచ్చి కొత్త అంతస్తులు లేపేవారు కూడా వున్నారు. ఎంఎంటీఎస్ చౌక టిక్కెట్టు వాళ్ళకు నగరాన్ని అందుబాటులోకి తెచ్చింది. ఆ బండి ఆలస్యమైతే సగంరోజు కూలి పోయేది కూడా వాళ్ళకే. ఆవిరి ట్రాము ఇతర నగరాల్లో నూరేళ్ళకు పైగా ముందు మోసిన మనిషి ఇతడే.

7

ఈ చరిత్రనుంచి రచయిత తీసుకోవలసింది ఏమిటి? రైలును ప్రతీకగా వాడటం మానమని కాదు. ప్రతీకకు బరువు వస్తువునుంచే వస్తుంది. ‘దూసుకుపోయే బండి’ అని రాసే కవి, ఆ దూసుకుపోవడం కిటికీలోపల కూర్చున్నవాడికి వేగమనీ, పట్టా పక్కన పశువులు కాసుకునేవాడికి నిరాకరణ అనీ గుర్తించాలి. కథకుడు తన పాత్రను స్టేషనులో దించేటప్పుడు, ఆ స్టేషను అక్కడ ఎందుకుందో ఒక్కసారి వాకబు చేయాలి. అది పాత్ర వర్గస్థితిని పది వాక్యాల వర్ణన కంటే బాగా చెప్పవచ్చు.

విమర్శకుడికి కూడా ఇందులో పనివుంది. ఒక రచనలో రైలు వచ్చినప్పుడు అది ఎవరిని ఎక్కించుకుంది, ఎవరిని దాటిపోయింది అని అడగడం వస్తువిమర్శలో భాగమే. నగరం గురించి మనకు వస్తున్న కొత్త కథల్లో మాదాపూర్ తరచు ఎక్కడినుంచో హఠాత్తుగా వూడిపడ్డ మెరుపులోకంగా కనబడుతోంది. అది హఠాత్తుగా వూడిపడలేదు. దానికి ఉత్తరాన 1874నుంచి పట్టాలున్నాయి. వాటి కింద శిస్తు కట్టిన రైతు వున్నాడు, రాయి కొట్టిన వడ్డెర వున్నాడు, బొగ్గు తవ్విన కార్మికుడున్నాడు, లెక్క అడిగి వూరు విడిచిన చదువరి వున్నాడు. వీళ్ళెవరికోసమూ ఆ ఆవిరిబండి ఆగలేదు. వాళ్ళ దగ్గర ఆగవలసిన బాధ్యత ఇప్పుడు మన రచనది.